తాగుడు మానినవాడికి తోడెవరు?

నల్గొండ పెద్దాస్పత్రిలోనో, పాలమూరు జనరల్ ఆస్పత్రిలోనో వారం పది రోజులుండి తాగుడు మానిన మనిషి ఊరికి బస్సెక్కాడనుకుందాం. చేతుల వణుకు తగ్గింది, అన్నం సయిస్తోంది, రాత్రిళ్ళు నాలుగు గంటలైనా నిద్ర పడుతోంది. జేబులో మందుల చీటీ ఉంది. బస్సు దిగగానే ఎదురుగా వైన్స్. ఊరి మలుపులో కిరాణా కొట్టు వెనక బెల్టు షాపు. వచ్చే ఆదివారం చుట్టాలింట్లో దావత్, ఆ పై వారం ఇంకొకరి దినాలు. ఏ ఇంట్లో ఏం జరిగినా చుక్క, ముక్క లేకుండా అది జరిగినట్టు కాదు. అతను ఆస్పత్రిలో ఉన్న వారంలో ఊళ్ళో మారిందేమీ లేదు. అవే అరుగులు, అదే సాయంత్రం ఆరుగంటలు, 'ఒక్కటేస్తే ఏమైతదిరా' అనే అవే నోళ్ళు. చికిత్స అయిపోయింది అని మనం అనుకునే ఈ పూటే నిజానికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న పూట. ఇక్కణ్ణుంచి అతనికి కావలసింది మానినవాళ్ళ జట్టు. ఆస్పత్రి ఇవ్వలేనిదీ, ఇంటివాళ్ళు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేనిదీ అదే. ఇది సానుభూతి మాట కాదు, లెక్కలున్న మాట. ఆ లెక్కలేమిటో, వాటి మీద వచ్చే అనుమానాలేమిటో, ఈ మెట్ట జిల్లాల్లో అలాంటి జట్టును ఎలా వెతుక్కోవాలో చూద్దాం.

ముందు సమస్య కొలత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో తాగేవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 19 మందికి కాస్త తక్కువ. తెలంగాణలో 43 మంది. మనకంటే ముందున్నది అరుణాచల్ ప్రదేశ్ ఒక్కటే. ఆడవాళ్ళలో దేశ సగటు నూటికి ఒకరు దాటితే, తెలంగాణలో దాదాపు ఏడుగురు. తాగే ప్రతివాడూ జబ్బుమనిషి కాడు, నిజమే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన సర్వే ఆ తేడా కూడా చూపింది. దేశంలో సుమారు 16 కోట్ల మంది తాగుతారు, అందులో 5.7 కోట్ల మందికి తాగుడు వల్ల కలిగే హానికో, తాగుడు బానిసత్వానికో సాయం అవసరం. ఆ సర్వేలో నన్ను ఆపింది మాత్రం వేరే అంకె. తాగుడుకు బానిసలైన 38 మందిలో ఏదో ఒక రకం సాయం అందింది ఒక్కరికి. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. అమ్మకం సంగతి చూస్తే, 2021లో తెలంగాణ ప్రభుత్వం లైసెన్సులకు నోటిఫై చేసిన మద్యం దుకాణాలు 2,620. బెల్టు షాపులు ఈ లెక్కలోకి రావు. తాగడానికి చోటు వెతుక్కోవాల్సిన అవసరం ఈ రాష్ట్రంలో ఎవరికీ లేదు. మానడానికి చోటెక్కడో అడిగి తెలుసుకోవాలి.

జట్టు సంగతికి ముందు ఒక హెచ్చరిక చెప్పుకోవాలి. రోజూ, అందులోనూ పొద్దున్నే తాగే మనిషి రేపటి నుంచి మానేస్తానని ఇంట్లో పడుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. మెదడులో గాబా అనే రసాయనం నరాలను నెమ్మదిపరుస్తుంది, గ్లుటమేట్ అనేది ఉసిగొల్పుతుంది. ఆల్కహాలు మొదటిదాని పని పెంచి, రెండోదాని పని అణుస్తుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే మెదడు తన వంతుగా ఉసిగొల్పే వైపు బలం పెంచుకుని సమానం చేసుకుంటుంది. ఎదురుగాలికి ముందుకు వంగి నడిచేవాడు గాలి ఒక్కసారిగా ఆగితే తూలి పడ్డట్టు, మందు ఆగగానే ఆ మెదడు అదుపు తప్పుతుంది. ఆరేడు గంటలకు వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనబడతాయి, మనుషుల్ని గుర్తుపట్టరు, జ్వరం, బీపీ ఎగబాకుతాయి. ఊళ్ళో దాన్ని గాలి సోకిందనో, పిచ్చి లేచిందనో అంటారు. అది డెలీరియమ్ ట్రెమెన్స్, వైద్యం అందకపోతే చంపే జబ్బు. క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజెపామ్ లాంటి మందులు ముందు తగినంత ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వస్తే దాన్ని దాటించడం డాక్టర్లకు పెద్ద విషయమేమీ కాదు. దాంతోపాటు బీ1 విటమిన్ ఇవ్వాలి. తాగుబోతు నీరసంగా ఉన్నాడని బీ1 లేకుండా గ్లూకోజు సీసా మీద సీసా ఎక్కిస్తే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఊరి ఆర్‌ఎంపీలు గుర్తుంచుకోవలసిన మాట.

మన జిల్లాల్లో దీనికి ఇంకో మెలిక ఉంది, అదే కల్లు. చెట్టు కల్లులో ఆల్కహాలు తక్కువ. చెట్లు తక్కువై, గిరాకీ ఎక్కువైన చోట మత్తు కోసం అందులో కలిపేది క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం. ఇవి కూడా గాబా మీదే పనిచేస్తాయి. అంటే మందు కల్లుకు అలవాటుపడిన మనిషి తెలియకుండానే నిద్రమాత్రలకు బానిస. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఆస్పత్రులకు వచ్చారు. తాగినందుకు కాదు, దొరకనందుకు. 'నేను తాగేది కల్లేగా, మందు కాదుగా' అనే మాటకు అందుకే ఇక్కడ విలువ లేదు. రోజూ తాగేవాళ్ళెవరైనా మొదట వెళ్ళవలసింది జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. పరిస్థితి మరీ విషమిస్తే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. జట్టు వంతు దాని తర్వాత.

తర్వాత ఎందుకు? శరీరం నుంచి మత్తు వారంలో పోతుంది, మెదడు నేర్చుకున్న పాఠం పోదు గనుక. ఫలానా వేళ, ఫలానా మనుషులు, ఫలానా వాసన కలిసి కనబడితే తర్వాత ఏం వస్తుందో డోపమిన్ వ్యవస్థ ముందే లెక్క కట్టి ఉంటుంది. ఈత మండువ దగ్గరి పులిసిన వాసన, వేయించిన పల్లీల పొట్లం, క్వార్టర్ సీసా మూత తిప్పినప్పుడు వచ్చే చిన్న చప్పుడు చాలు. సీసా కనబడక ముందే నోరు ఊరుతుంది. ఈ గుర్తుల్లో ఎక్కువ భాగం మనుషులే. కష్టం చేసి వచ్చాక పక్కన కూచునే ఇద్దరు, పైసలు పంచుకునే ముగ్గురు. బొంబాయిలోనో, హైదరాబాద్‌లోనో పునాదులు తవ్వే పాలమూరు లేబర్‌కైతే పనిజట్టూ తాగే జట్టూ ఒకటే. అలాంటివాడికి 'తాగేవాళ్ళతో తిరగకు' అని చీటీ మీద రాసివ్వడమంటే 'ఇక ఎవరితోనూ తిరగకు' అని రాసివ్వడమే. మనిషి ఒంటరితనం ఎన్నాళ్ళు భరిస్తాడు?

ఈ ఖాళీని నింపడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్న ఏర్పాటు ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరి నోటా ఏఏ. 1935లో అమెరికాలో పుట్టింది, 1957 నుంచి మన దేశంలో ఉంది. లోపల జరిగేది చూస్తే ఇదేనా అనిపించేంత మామూలుగా ఉంటుంది. ఒక గది, గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల చాయ్. ఒకరు లేచి పేరు మాత్రమే చెప్పి, తాను తాగుడుకు బానిసనని చెప్పుకుంటారు. ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం అడగరు. తర్వాత తన కథ చెబుతారు. ఎలా మొదలైంది, ఏం పోగొట్టుకున్నాను, నిన్న సాయంత్రం కాళ్ళు వైన్స్ వైపు లాగితే ఏం చేశాను. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహా ఇవ్వరు, 'ఛీ' అనరు. మన ఇళ్ళల్లో తాగుబోతు తన తాగుడు గురించి మాట్లాడటమంటే తిట్టు తిని తలదించుకోవడమో, తాగి అరవడమో. తాగకుండా, సిగ్గుపడకుండా ఆ మాట పైకి చెప్పే చోటు ఆ గది ఒక్కటే. గంట, గంటన్నరలో ముగుస్తుంది. ఫీజు లేదు, చివర్లో డబ్బా తిరుగుతుంది, వేసేవాళ్ళు పదో ఇరవయ్యో వేస్తారు. బయటివాళ్ళ విరాళాలు తీసుకోరు. సభ్యత్వానికి కావలసింది మానాలన్న కోరిక ఒక్కటే. కొత్తగా వచ్చినవాడికి పాతవాడొకడు స్పాన్సర్‌గా తోడుంటాడు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా ఎత్తుతాడు. కొన్ని మీటింగులు ఓపెన్, అంటే ఇంటివాళ్ళూ, తెలుసుకోదలచినవాళ్ళూ రావచ్చు. కొన్ని తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే.

ఇది పనిచేస్తుందా? చాలాకాలం శాస్త్రజ్ఞులు సూటిగా చెప్పలేదు. వైద్య పరీక్షలను జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ 2006లో, ఏఏ పనిచేస్తుందని తేల్చి చెప్పే ఆధారం లేదంది. 2020లో జాన్ కెల్లీ, కీత్ హంఫ్రీస్, మరీకా ఫెర్రీ మళ్ళీ లెక్క తీశారు. ఈసారి 27 అధ్యయనాలు, 10,565 మంది. ఏఏ వైపు పద్ధతిగా నడిపించిన చికిత్స తీసుకున్నవాళ్ళలో ఏడాది తర్వాత చుక్క ముట్టకుండా ఉన్నది నూటికి 42 మంది, పేరున్న ఇతర మానసిక చికిత్సలు తీసుకున్నవాళ్ళలో 35 మంది. ఏడుగురి తేడాను చిన్నచూపు చూడకండి. అటువైపు ఉన్నది శిక్షణ పొందిన నిపుణులు డబ్బు తీసుకుని చేసే చికిత్స. ఇటువైపు ఆ నిపుణులు చేసిన ముఖ్యమైన పని రోగిని పైసా తీసుకోని గదికి అలవాటు చేయడం. అయితే ఇదే లెక్కను తిప్పి చదివితే ఏఏకి వెళ్ళినవాళ్ళలో కూడా 58 మంది ఆ ఏడాదిలో తాగారు. దీన్ని దాచి, వెళితే చాలు మానేస్తారని చెప్పేవాళ్ళను నమ్మకండి. ఎన్నాళ్ళు తాగకుండా ఉన్నారు అనే కొలతలో తప్ప, ఎంత తాగుతున్నారు, దానివల్ల ఎంత నష్టం అనే కొలతల్లో రెండూ ఇంచుమించు సమానమే.

తెలివైన పాఠకుడికి ఇక్కడ ఒక అనుమానం రావాలి. మీటింగులకు వెళ్ళేవాడు ముందే మానాలని గట్టిగా అనుకున్నవాడు కదా, మానింది ఆ పట్టుదల వల్లా, మీటింగు వల్లా? న్యాయమైన ప్రశ్నే, దశాబ్దాలు చిక్కుముడిగా ఉన్న ప్రశ్న. 2014లో హంఫ్రీస్, సహచరులు దాన్ని విప్పడానికి ఒక ఉపాయం వాడారు. వాళ్ళు చూసిన పరీక్షల్లో ఎవరిని ఏఏ వైపు నెట్టాలి, ఎవరిని నెట్టకూడదు అనేది చీటీలు వేసినట్టు నిర్ణయించారు, రోగి ఇష్టం కాదు. ఆ చీటీ వల్ల మాత్రమే అదనంగా పెరిగిన హాజరును విడదీసి చూస్తే, ఆ హాజరు వల్లే తాగని రోజులు పెరిగాయని తేలింది. అప్పటికే విపరీతంగా మీటింగులకు వెళుతున్నవాళ్ళలో మాత్రం ఇంకొన్ని కలిపినా ఫలితం కనబడలేదు. అంటే వెళ్ళనివాణ్ణి వెళ్ళేలా చేయడంలోనే లాభమంతా ఉంది. ఈ పరీక్షలు ప్రధానంగా అమెరికావి. మునుగోడు, మక్తల్ మనుషుల మీద జరిగినవి కావు. ఆ అంకెలు ఇక్కడ అచ్చుగుద్దినట్టు వస్తాయని నేను అనను. పనిచేసే తీరు ఏమిటో తెలిస్తే అది ఇక్కడికి వర్తిస్తుందో లేదో మనమే అంచనా వేసుకోవచ్చు.

ఆ తీరు గురించి మంచి ఆధారమే ఉంది. అమెరికాలో 1,726 మందితో జరిగిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే పెద్ద పరీక్ష సమాచారాన్ని తర్వాతి పరిశోధకులు ఏళ్ళ తరబడి తవ్వారు. మనిషిని నిలబెట్టిన దారుల్లో ముందు వరసలో కనబడ్డవి రెండు. చుట్టూ ఉన్న జట్టు మారడం ఒకటి, నలుగురిలో ఉన్నప్పుడు కాదనగలనన్న ధీమా రెండోది. భక్తి పాత్ర కూడా కనబడింది, కానీ జబ్బు బాగా ముదిరినవాళ్ళలో ఎక్కువగా. ఇంకో పరిశీలన మన జిల్లాల కోసమే చేసినట్టుంటుంది. స్నేహితులందరూ తాగుడును ప్రోత్సహించేవాళ్ళైతే, ఏఏ వైపు నడిపించే చికిత్స వాళ్ళకు మూడేళ్ళ తర్వాత ఎక్కువ మేలు చేసింది. తాగని మిత్రులు ముందే ఉన్నవాళ్ళకు ఏ చికిత్సైనా ఒకటే. మార్క్ లిట్ బృందం 2009లో ప్రకటించిన మరో అధ్యయనంలో, తాగేవాడి పరిచయాల్లోకి తాగని మనిషి ఒక్కడు కొత్తగా చేరితే మరుసటి ఏడాది తాగకుండా ఉండే అవకాశం 27 శాతం పెరిగింది. ఒక్కడు చాలు! ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. బోనాలకూ, పెత్రమాసకూ, పెండ్లికీ, చావుకూ కలిపి కూచోబెట్టేది సీసానే అయిన చోట జట్టు మారడం అమెరికావాడి కంటే మనవాడికే ఎక్కువ అవసరం. అక్కడ అది చికిత్సలో ఒక భాగం. ఇక్కడ మిగతా చికిత్సంతా దాని మీద నిలబడాలి.

'అదంతా క్రైస్తవుల వ్యవహారం, దేవుడి పేరు చెప్పి మన చేత ప్రార్థనలు చేయిస్తారు' అనే మాట ఇక్కడ తరచు వినబడుతుంది. ఏఏ పన్నెండు మెట్లలో దేవుడి ప్రసక్తి ఉంది, పుట్టిన చోటి మతపు ఛాయ ఉంది, కాదనడం అబద్ధం. మీటింగులు చాలాచోట్ల చర్చి హాళ్ళలో జరుగుతాయి, అద్దె తక్కువ గనుక. కానీ ఎవరి దేవుణ్ణి వాళ్ళు అనుకోవచ్చన్నది మొదటి నుంచీ ఉన్న వెసులుబాటు. యాదగిరి నరసింహస్వామి అనుకున్నా, జాన్‌పహాడ్ దర్గా అనుకున్నా, ఏ దేవుడూ లేడని ఎదురుగా ఉన్న జట్టునే తనకంటే పెద్ద బలంగా తలచుకున్నా అడిగేవాడు లేడు. దేవుడి ఊసే లేని సంఘాలు కూడా అమెరికాలో ఉన్నాయి. వాటిని ఏఏతో పోల్చి 2018లో వెలువడిన అధ్యయనంలో, సంఘంలో ఎంతగా కలిసిపోయారన్నదే లెక్కకొచ్చింది. ఏ సంఘమన్నది రెండో విషయమే అయింది. నా మటుకు నాకు అయ్యప్ప మాల ఇక్కడ గుర్తుకొస్తుంది. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టని మగవాళ్ళు మన ఊళ్ళల్లో ఎందరో. ఆ రోజుల్లో వాళ్ళను నిలబెట్టేది భక్తితో పాటు, తోటి స్వాములు, కలిసి తినే భిక్ష, పేరు పోయి 'స్వామీ' అని పిలిపించుకోవడం, ఈ నలభై రోజులు ఎవరూ 'ఒక్కటెయ్యి' అనకపోవడం. మాల తీసిన సాయంత్రం ఆ జట్టు చెదురుతుంది, పాత జట్టు కాచుకుని ఉంటుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం గోప్యత గురించి. నగరంలో పేరు దాచుకోవచ్చు, మూడొందల గడపల ఊళ్ళో ఎలా? ఎవడు ఎవరి అరుగెక్కాడో పొద్దుటికి అందరికీ తెలుస్తుంది. ఇది నిజమైన చిక్కు. దీనికి జపాన్‌వాళ్ళు వెతుక్కున్న జవాబు చూడదగింది. అక్కడ 1958లో కోచిలో మొదలై, 1963 నాటికి దేశవ్యాప్త సమాఖ్యగా ఎదిగిన దాన్‌షుకాయ్ అనే సంఘాలు ఏఏ నుంచి నేర్చుకుని, దాని పేరులోనే ఉన్న అజ్ఞాతాన్ని వదిలేశాయి. సభ్యులు సొంత పేర్లతో కూచుంటారు, భార్యలు పక్కనే కూచుని తమ వైపు కథ చెబుతారు. ఊరంతా ఎరిగిన తాగుబోతు పేరు దాచి ప్రయోజనమేముంది? తాగేది అందరికీ తెలిసినప్పుడు మానేది కూడా అందరికీ తెలియనీ అన్నది వాళ్ళ వాదన. మన దగ్గర ఈ రెండో దారే నప్పుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ తాగుబోతును ఆస్పత్రికి తెచ్చేదీ, మందులు గుర్తుచేసేదీ దాదాపు ఎప్పుడూ భార్యో, తల్లో. పైగా వాళ్ళకు వారం వారం గుండ్రంగా కూచోవడం కొత్త కాదు. పొదుపు సంఘం నడిపిన అనుభవం ఉంది, హాజరు పుస్తకం, తీర్మానం, మాట తప్పినవాళ్ళను నిలదీయడం అన్నీ తెలుసు. ఇంకా తెలియకూడదనుకునేవాడికి పాత ఉపాయమే ఉంది. అంగడి రోజు టౌనుకు పోతే ఎందుకు పోయావని ఎవరడుగుతారు?

'ఈ తంటాలన్నీ ఎందుకు, సారాను మూయించినట్టు అన్నీ మూయిస్తే సరిపోదా' అనేవాళ్ళకు చరిత్ర సగం జవాబే ఇస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు లేపిన ఉద్యమం ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెప్పించింది. 1997లో ఆ రెండోది ఎత్తేశారు. సరఫరా తగ్గితే తాగుడు తగ్గుతుంది, అందులో అనుమానం లేదు, బెల్టు షాపులు మూయించమని అడగడం పూర్తిగా న్యాయం. కానీ అప్పటికే బానిసైన మనిషికి సరఫరా ఒక్కసారి ఆగితే ఏమవుతుందో 2015 కల్లు చూపించింది. నిషేధం కొత్తగా మొదలుపెట్టేవాణ్ణి ఆపవచ్చు, మానినవాడికి సాయంత్రం ఆరింటికి కూచునే చోటు మాత్రం ఇవ్వలేదు. దూబగుంటలో కూడా మొదట ఉన్నది రాత్రిబడిలో కలిసి కూచున్న గుంపు. నినాదం దాని తర్వాత పుట్టింది.

వైద్యుల వైపు నుంచి ఇంకో మాట వస్తుంది, చదువుకోని తాగుబోతులు తాగుబోతులకు చికిత్స చేయడమేమిటని. గోవాలో విక్రమ్ పటేల్, అభిజిత్ నద్కర్ణి బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది మగవాళ్ళతో చేసిన పరీక్ష ఫలితం లాన్సెట్‌లో వచ్చింది. వైద్య పట్టా లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడిస్తే, మూడు నెలలకు ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డది నూటికి 36 మంది, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో 26 మంది. అది ఇంకా బానిసలు కాని, హద్దు దాటిన తాగుబోతుల లెక్క, ఏఏ లెక్కతో కలపకూడదు. అయినా ఈ పనికి డిగ్రీ తప్పనిసరి కాదని మన దేశంలోనే రుజువైంది. తమిళనాడులో టీటీకే ఆస్పత్రి మంజక్కుడి అనే పల్లెలో క్యాంపు పెట్టి అక్కడికక్కడే చికిత్స చేసి, ఊరివాళ్ళనే తర్వాతి కాపుదలకు నిలబెట్టిన ప్రయోగం కూడా అలాంటిదే. మందులూ జట్టూ పోటీవి కావు. నాల్‌ట్రెక్సోన్ లాంటి మాత్ర ఆశను కొంత తగ్గిస్తుంది, జట్టు ఆ మాత్ర రోజూ వేసుకునేలా చూస్తుంది. అయితే పేపర్లో చివరి పేజీ ప్రకటనల్లో 'అతనికి తెలియకుండా తాగుడు మాన్పిస్తాం' అనే పొడుల జోలికి పోకండి. డైసల్ఫిరామ్ లాంటి మందు సాంబారులో కలిపిపెడితే, తెలియక తాగినవాడికి బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వేసుకునేవాడికే అది మందు.

ఇక వెతకడం. మొదటి దారి జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యుల ఓపీ. డిశ్చార్జి చీటీ రాసేటప్పుడే 'దగ్గర్లో ఏఏ మీటింగు ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి' అని అడగాలి, పేషంటు అడక్కపోతే ఇంటివాళ్ళు అడగాలి. రెండోది ఫోన్. మత్తు విముక్తికి కేంద్ర ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబరు 14446. మనసు బాగాలేనప్పుడు ఏ వేళైనా తెలుగులో మాట్లాడేందుకు 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. మూడోది హైదరాబాద్. అక్కడి ఏఏ గ్రూపుల ద్వారా జిల్లాల్లోని సభ్యుల ఆచూకీ దొరుకుతుంది, కరోనా తర్వాత ఫోన్లో జరిగే మీటింగులు పెరిగాయి, పొలం గట్టు మీద ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినొచ్చు. మొదటి మీటింగు నచ్చకపోవచ్చు. నచ్చకపోతే వేరే చోట చూడండి, కనీసం నాలుగుసార్లు వెళ్ళకుండా తీర్పు చెప్పకండి. ఎక్కడైనా ఫీజు అడిగినా, సీసాలో పొడి అమ్మినా, డాక్టరిచ్చిన మందులు మానమన్నా, తలుపుకు తాళం వేసి ఉంచినా అది ఏఏ కాదు, లేచి వచ్చేయండి. ఇంటివాళ్ళకు విడిగా అల్-అనాన్ అనే సంఘం ఉంది, 1951లో ఏఏ సభ్యుల భార్యలే పెట్టుకున్నది. తాగేవాడు రానన్నా ఆమె వెళ్ళవచ్చు.

దగ్గర్లో మీటింగు లేకపోతే? పెట్టుకోవడమే. ఎక్కడ పెడుతున్నారన్నది మాత్రం మన దగ్గర చిన్న విషయం కాదు. ఒక కులం భవనంలోనో, గుడి మండపంలోనో పెడితే రానివాళ్ళెవరో ముందే తేలిపోతుంది. బడి గది, ఆరోగ్య ఉపకేంద్రం వరండా, పంచాయతీ ఆఫీసు మేలు. చాయ్ గ్లాసులు అందరికీ ఒకే రకం ఉండాలి. కులాన్ని బట్టి రెండు గ్లాసుల పద్ధతి చూసిన జిల్లాల్లో ఇది చెప్పకుండా వదిలేయలేం. కల్లుకు అలవాటుపడ్డ ఆడవాళ్ళు, నాట్లు వేసి నడుం పట్టేసి నిద్ర కోసం తాగేవాళ్ళు, మగవాళ్ళ గుంపులో నోరు విప్పరు. వాళ్ళకు వేరే కూటమి కావాలి, పగటి పూట. వేళ సాయంత్రం ఆరు అయితే బాగుంటుంది, సరిగ్గా కాళ్ళు లాగే వేళ. గుంపు అనిపించుకోవడానికి ఏఏ లెక్కలో ఇద్దరు ముగ్గురు చాలు.

మొదట వాళ్ళూ ఇద్దరే. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి ఆక్రన్ అనే ఊళ్ళో బేరం చెడి, హోటల్ లాబీలో నిలబడ్డాడు. ఒక పక్క బార్, ఒక పక్క ఫోన్. తాగకుండా ఆ సాయంత్రం గడవాలంటే తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడాలనిపించి, చర్చి పెద్దల నంబర్లకు ఒక్కొక్కటిగా ఫోన్ చేశాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. సాయం ఎవరు ఎవరికి చేశారో చెప్పడం కష్టం. ప్రాజెక్ట్ మ్యాచ్ సమాచారంలో కూడా, తోటి తాగుబోతులకు సాయపడినవాళ్ళలో ఏడాదిపాటు ముట్టనివాళ్ళు నూటికి 40, సాయపడనివాళ్ళలో 22. పావుగంట మాత్రం కూచుంటానని వచ్చిన బాబ్ ఆ రాత్రి పదకొండు దాటాక లేచాడు. కొన్ని వారాలకే డాక్టర్ల సమావేశానికని అట్లాంటిక్ సిటీ వెళ్ళి మళ్ళీ తాగాడు. తిరిగొచ్చిన అతన్ని బిల్ వదిలిపెట్టలేదు. ఏఏ పుట్టినరోజుగా ఇప్పటికీ లెక్కపెట్టేది వాళ్ళిద్దరూ కలిసిన మే నెల రోజును కాదు, బాబ్ చివరిసారి తాగిన జూన్ 10ని.